తెలుగు చదవడం రాని పిల్లలకు విశ్వాస సంగ్రహం నేర్పడం ఎలా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు కతోలిక ఇళ్లలో తల్లులు తరచూ అడిగే మాట ఇది: "మా వాడికి తెలుగు గలగలా మాట్లాడ్డం వచ్చు గానీ, అక్షరం ముక్క చదవలేడండీ. జపాలు ఎలా నేర్పాలి?" బడిలో ఒడియా, కాదంటే ఇంగ్లిషు. ఆదివారం పూజ ఒడియాలో. తెలుగు ఇంటి గడప లోపలే. పరలోక జపం, మంగళవార్త జపం చిన్నవి, రోజూ నోట్లో నానేవి కాబట్టి ఎలాగో వచ్చేస్తాయి. మనం నమ్మేవన్నీ వరసగా చెప్పే విశ్వాస సంగ్రహం దగ్గరే తడబాటు. జపమాల మొదలుపెట్టి పెద్దవాళ్లు సిలువ పట్టుకుని చెప్పుకుపోతుంటే, పిల్లలు చివర 'ఆమెన్' అనడానికి కాచుకుని కూర్చుంటారు.

అక్షరాలు రాకపోతే జపం రాదని టెన్షన్ పడకండి. అసలిది కాగితం మీద చదువుకోమని ఇచ్చిన జపమే కాదు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్పుగా ఉన్న పునీత అగస్టీను (354–430) జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవాళ్లకు ఈ సంగ్రహాన్ని నోటితోనే అప్పగించేవాడు. దీన్ని రాసుకోవద్దని, విని నేర్చుకోమని, వచ్చేశాక కూడా కాగితం మీద పెట్టొద్దని, జ్ఞాపకంలోనే ఉంచుకోమని వాళ్లకు చెప్పేవాడు. నా ధర్మాన్ని వాళ్ల హృదయాల మీద రాస్తానని యిర్మీయా ప్రవక్త ద్వారా దేవుడు పలికిన మాటను అందుకు కారణంగా చూపించేవాడు. అంటే మీ పిల్లవాడు విని నేర్చుకుంటే తక్కువ చేసినట్టు కాదు, ఆ రోజుల్లో అందరూ నేర్చుకున్నట్టే నేర్చుకుంటున్నాడన్నమాట. కింద చెప్పే పద్ధతంతా దీని మీదే నడుస్తుంది. ముందు చెవి, తర్వాత నోరు, అక్షరం ఆఖరున.

ఏ జపమో ముందు తేల్చుకోండి

విశ్వాసాన్ని ఒప్పుకునే జపాలు మన దగ్గర ముఖ్యంగా మూడున్నాయి. ఒకటి అపోస్తలుల విశ్వాస సంగ్రహం. జపమాల మొదట్లో చెప్పేది ఇదే. రెండోది నైసియా విశ్వాస సంగ్రహం. 325లో నైసియాలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభల నుంచి వచ్చింది. ఆదివారాల్లో, మహోత్సవాల్లో పూజలో చెప్పేది సాధారణంగా అదే. దాని బదులు అపోస్తలుల సంగ్రహం కూడా చెప్పవచ్చు, ముఖ్యంగా ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, ఈస్టరుతో మొదలయ్యే పాస్కా కాలంలో. మూడోది విశ్వాస క్రియ. నాలుగు వాక్యాల చిన్న ప్రార్థన, దాని సంగతి చివర్లో చెప్తాను.

పిల్లలకు మొదట అపోస్తలుల సంగ్రహమే నేర్పండి. నైసియాది పెద్దది, వాదం తేల్చడానికి రాసింది. క్రీస్తు నిజంగా దేవుడేనా అని ఏరియస్ అనే గురువు లేవదీసిన గొడవకు జవాబుగా ఒక్కో మాటా తూచి పెట్టారు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ తూకం ఇప్పుడే అక్కర్లేదు. అపోస్తలుల సంగ్రహం కథలా నడుస్తుంది: పుట్టాడు, పాట్లు పడ్డాడు, చనిపోయాడు, లేచాడు, వస్తాడు. కథ పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది.

మీరు ముందు తెలుసుకోవాల్సింది

పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. "దీన్ని ఎవరు రాశారు?" అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. అపోస్తలులు రాశారని చెప్పేసి ఊరుకోకండి.

ఈ జపానికి మూలం జ్ఞానస్నానంలో ఉంది. తొలి శతాబ్దాల్లో నీళ్లలో నిలబడినవాణ్ణి మూడు ప్రశ్నలు అడిగేవారు. పితను విశ్వసిస్తున్నావా? ఆయన కుమారుడైన యేసుక్రీస్తును విశ్వసిస్తున్నావా? పవిత్రాత్మను విశ్వసిస్తున్నావా? ప్రతిసారీ "విశ్వసిస్తున్నాను" అని జవాబు, ప్రతిసారీ ఒక మునక. ఆ జవాబులే రోములో ఒక్కటిగా చేరి చిన్న సంగ్రహమైంది. 'అపోస్తలుల సంగ్రహం' అన్న పేరు 390 ప్రాంతంలో పునీత అంబ్రోసు కాలపు ఉత్తరంలో కనిపిస్తుంది. ఆ తర్వాత 404 ప్రాంతంలో రుఫీనస్ అనే రచయిత ఒక కథ రాశాడు: శిష్యులు తలో దేశానికి వెళ్లేముందు, అందరం ఒకే మాట బోధించాలని కలిసి కూర్చుని దీన్ని కూర్చుకున్నారట. మరికొంత కాలానికి, పన్నెండుమంది తలో వాక్యం చెప్పారని కూడా చేర్చారు. కథ అందమైనదే గానీ చరిత్ర కాదు. 15వ శతాబ్దంలో ఫ్లోరెన్సు మహాసభలో గ్రీకు ప్రతినిధులు తమ దగ్గర అలాంటి సంగ్రహమే లేదని మొహం మీదే చెప్పారు. ఇప్పుడు మనం చెప్పే పూర్తి రూపం 8వ శతాబ్దం మొదట్లో, రైఖెనావు మఠం స్థాపించిన పిర్మిన్ రాతలో దొరుకుతుంది.

పిల్లలతో ఇలా చెప్పండి, చాలు: "రాసింది వాళ్లు కాదు, కానీ ఇందులో ఉన్నది వాళ్లు చెప్పిందే." పెద్ద పిల్లలైతే మిగతా కథంతా చెప్పొచ్చు. నిజం చెబితే జపం మీద గౌరవం తగ్గిపోతుందని కొందరు ఉపదేశులు జంకుతారు. నాకైతే అలా అనిపించదు. తర్వాతెప్పుడో ఫోన్లో చూసి వాళ్లే తెలుసుకునే కంటే మన నోట వినడం మేలు.

ఒకే పాఠం ఎంచుకుని దానికే కట్టుబడండి

మన ఇళ్లలో పాత తెలుగు జపాలున్నాయంటే దానికి చరిత్ర ఉంది. 1846లో విశాఖపట్నం చేరిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులే గంజాం వైపు కూడా వచ్చారు. కటకం మిషన్ 1928లో విడిపోయేదాకా ఈ ప్రాంతం విశాఖ కిందే ఉండేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం మేత్రాసనం (బిషప్పు పాలనలో ఉండే ప్రాంతం) 1974లో, దాని నుంచి రాయగడ మేత్రాసనం 2016లో వచ్చాయి. పూజ భాష మారింది. ఇంట్లో మామ్మల నోట మాత్రం ఆ తెలుగే ఉండిపోయింది.

కాబట్టి ఇంట్లో పెద్దావిడ ఎలా చెబుతారో అదే మీ పాఠం. మీకు పుస్తకం కావాలంటే పాతపట్నం, పార్వతీపురం వైపు విచారణల్లో (ఒక్కో గురువు చూసుకునే గుడుల్లో) తెలుగు జపాల పుస్తకం దొరుకుతుంది, చుట్టాలెవరైనా వచ్చేటప్పుడు తెమ్మనండి. పుస్తకానికీ మామ్మకీ రెండు మూడు మాటలు తేడా వస్తాయి. వస్తే మామ్మనే గెలిపించండి. రెండు రకాలుగా విన్న పిల్లవాడు రెండింటి మధ్యా ఆగిపోతాడు. నేను కింద రాసిన మాటల్లో కూడా మీ ఇంటి వాడుకకు తేడా ఉంటే మీ వాడుకే ఉంచుకోండి.

తల్లి లూథరన్ కుటుంబం నుంచి వచ్చిన ఇళ్లు కోరాపుట్, జయపురం వైపు చాలా ఉన్నాయి. ఆ సంఘాల్లోనూ ఇదే సంగ్రహం చెబుతారు. ఆమె 'పరిశుద్ధాత్మ' అంటుంది, తండ్రి 'పవిత్రాత్మ' అంటాడు. పిల్ల ముందు దిద్దుకోకండి. ఎవరు నేర్పుతున్నారో వాళ్ల మాటే నడవనివ్వండి. పిల్ల జ్ఞానోపదేశం క్లాసుకు వెళ్లే వయసు వచ్చాక అక్కడి మాట దానంతట అదే పడుతుంది.

వేళ్ల మీద పన్నెండు

సంగ్రహాన్ని సంప్రదాయంగా 12 అంశాలుగా విడదీస్తారు. పన్నెండుమంది శిష్యుల కథ చరిత్ర కాకపోయినా ఈ లెక్క మాత్రం మనకు బాగా పనికొస్తుంది. బొటనవేలు వదిలేస్తే నాలుగు వేళ్లకు మూడేసి కణుపుల చొప్పున సరిగ్గా 12. కూరగాయల లెక్క వేసేటప్పుడు పెద్దవాళ్లు బొటనవేలితో కణుపులు ఎంచడం పిల్లలు చూసే ఉంటారు. అలాగే ఎంచమనండి.

చిటికెన వేలు: సృష్టికర్తయైన పిత, ఏక పుత్రుడైన యేసుక్రీస్తు, కన్య మరియమ్మ నుండి పుట్టుక.

ఉంగరం వేలు: పిలాతు కింద పాట్లు, సిలువ, మరణం, సమాధి ఒక కణుపు. పాతాళానికి దిగి మూడవనాడు లేవడం ఒకటి. పరలోకానికి ఎక్కి కుడిప్రక్కన కూర్చోవడం ఒకటి.

నడిమి వేలు: తీర్పు తీర్చడానికి రావడం, పవిత్రాత్మ, ఆపైన కతోలిక శ్రీసభ, పునీతుల సంబంధం కలిపి ఒకటి.

చూపుడు వేలు: పాపముల మన్నింపు, శరీరముల ఉత్థానం, నిత్య జీవం.

మొదటి రెండు మూడు రోజులు జపం మాటలు చెప్పించకండి. ఈ కణుపులే ఎంచి, ఒక్కో కణుపు దగ్గర ఏముందో మామూలు మాటల్లో చెప్పించండి. "ఇక్కడ ఏమైంది?" "సిలువేశారు." "తర్వాత?" "లేచాడు." ఇంతే. వరస తెలిశాక మాటలు వాటి చోట్లలో వచ్చి కూర్చుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. మధ్యలో మర్చిపోతే పిల్లవాడు మళ్లీ మొదటికి పోడు, తను ఏ వేలి మీద ఉన్నాడో చూసుకుంటాడు.

చివర నుంచి మొదలుపెట్టండి

ఇక్కడ చాలామంది ఒప్పుకోరు గానీ, నా సలహా ఇదే. "పరలోకమును భూలోకమును సృష్టించిన సర్వశక్తిగల పితయైన సర్వేశ్వరుని విశ్వసించుచున్నాను" అన్న మొదటి వాక్యం పొడుగు, ఒక్క ఊపిరిలో పట్టాలి. దాంతో మొదలుపెడితే పిల్లలు అక్కడే బెదిరిపోతారు. చివర భాగం చూడండి:

పవిత్రాత్మను విశ్వసించుచున్నాను.
పవిత్ర కతోలిక శ్రీసభను విశ్వసించుచున్నాను.
పునీతుల సంబంధమును విశ్వసించుచున్నాను.
పాపముల మన్నింపును విశ్వసించుచున్నాను.
శరీరముల ఉత్థానమును విశ్వసించుచున్నాను.
నిత్య జీవమును విశ్వసించుచున్నాను. ఆమెన్.

అన్నీ చిన్నవే, అన్నిటికీ తోక ఒకటే. మీరు "పాపముల మన్నింపును" అని ఆపండి, వాళ్లు "విశ్వసించుచున్నాను" అంటారు. రెండు రాత్రులయ్యాక తిరగేసి చెప్పమనండి: తోక మీరు, తల వాళ్లు. ఇది వచ్చేసిందంటే, జపమాలలో పెద్దవాళ్లతో కలిసి చివరిదాకా చెప్పి ముగించే గౌరవం వాళ్లకు దక్కుతుంది. ఇదివరకు ఒక్క 'ఆమెన్' అన్న పిల్ల ఇప్పుడు ఆరు వాక్యాలు చెబుతుంది.

ఆ తర్వాత మొదటి వాక్యం, దాంతోపాటు "ఆయన ఏక పుత్రుడును మన నాథుడునైన యేసుక్రీస్తును విశ్వసించుచున్నాను" అన్నది. మధ్య భాగం ఆఖరున. అది అసలైన కథ కాబట్టి తొందర వద్దు, రోజుకొక కణుపు చాలు.

చెప్పించేటప్పుడు మీరు ఒకసారి పూర్తిగా చెప్పండి, పిల్ల ఊరికే వినాలి. రెండోసారి మీతో కలిసి. మూడోసారి ఒక్కతే. అంతకు మించి ఆ రాత్రికి వద్దు. జేకేపూర్ కాగితం మిల్లులో షిఫ్టుకు వెళ్లే నాన్నలకు ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. అలాంటి ఇళ్లలో పొద్దున జడలు వేసేటప్పుడు చెప్పించవచ్చు. జడ పూర్తయ్యేదాకా పిల్ల ఎలాగూ కదలదు.

ఊరవతల మామ్మ ఉంటే వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపమనండి. ఒక్కసారిగా జపమంతా కాకుండా ముక్కలు ముక్కలుగా, మధ్యలో పిల్ల తిరిగి చెప్పేంత ఖాళీ వదిలి పంపమనండి. "మళ్లీ చెప్పు తల్లీ" అన్న మాట కూడా అందులో ఉండనివ్వండి, చెరిపేయొద్దు.

తప్పు పడే చోట్లు

పిల్లలు ఈ జపంలో ఎక్కడ పడిపోతారో ముందే తెలిస్తే సగం పని అయినట్టే. అన్నిటికన్నా పెద్ద గుంట ఒకటుంది. "సర్వశక్తిగల పితయైన సర్వేశ్వరుని" అన్న మాటలు జపంలో రెండుసార్లు వస్తాయి. మొదటిసారి వాటి తర్వాత "విశ్వసించుచున్నాను". రెండోసారి "కుడిప్రక్కన కూర్చుండియున్నాడు". బాగా చెప్పుకుంటూ వచ్చిన పిల్లవాడు "పరలోకమునకెక్కి, సర్వశక్తిగల పితయైన సర్వేశ్వరుని..." అని, అలవాటు కొద్దీ "విశ్వసించుచున్నాను" అనేస్తాడు. అక్కణ్ణుంచి నేరుగా "ఆయన ఏక పుత్రుడును..." అంటూ మళ్లీ పుట్టుక దగ్గరికి వెళ్లిపోతాడు. ఆపకపోతే అలా తిరుగుతూనే ఉంటాడు, పాపం తనకు తెలియదు కూడా.

మందు సులువే. ఆ ఒక్క అతుకును విడిగా పది పన్నెండుసార్లు చెప్పించండి: "పరలోకమునకెక్కి" అన్నప్పుడు తల పైకెత్తాలి, "సర్వేశ్వరుని" తర్వాత కుడి చెయ్యి పక్కకు చాపాలి, "కుడిప్రక్కన" అనాలి. చెయ్యి చాపితే నోరు దారి తప్పదు. వచ్చేశాక చెయ్యి చాపడం దానంతట అదే మానేస్తారు.

రెండో చోటు "పోంచి పిలాతు". పిల్లలు 'పంచె పిలాతు' అంటారు, పంచె కట్టుకున్నవాడనుకుని. నవ్వకుండా అతనెవరో చెప్పండి. క్రీ.శ. 26 నుంచి 36 దాకా యూదయ మీద రోము తరఫున అధికారం చేసినవాడు. 1961లో కైసరియాలో తవ్వకాల్లో అతని పేరున్న రాయి కూడా దొరికింది.

"మామ్మా, యేసయ్యని చంపమన్నోడి పేరు మనం రోజూ జపంలో ఎందుకు చెప్పాలి?" అని ఏదో ఒక రోజు అడిగి తీరతారు. మంచి ప్రశ్న. యేసు పాట్లు ఎప్పుడో ఒకానొక కాలంలో జరిగిన పురాణ కథ కాదని, ఫలానా అధికారి ఉన్న రోజుల్లో, ఫలానా చోట జరిగాయని చెప్పడానికే ఆ పేరు. అది అతనికిచ్చిన గౌరవం కాదు, తేదీ వేయడం. మా తాతల కాలంలో పెద్ద తుఫాను వచ్చిన ఏడాది పుట్టానని చెప్పుకున్నట్టే.

మూడోది "పాతాళమునకు దిగి". పాతాళమంటే పిల్లలకు నరకమే తోస్తుంది, భయపడతారు. యేసు నరకశిక్షకు వెళ్లలేదు. ఆయనకు ముందు చనిపోయిన నీతిమంతులు రక్షకుని కోసం ఎదురుచూస్తూ ఉన్న చోటికి వెళ్లి వాళ్లకు విడుదల చెప్పాడు. ఆదామునూ అవ్వనూ చెయ్యి పట్టి పైకి లాగుతున్నట్టు పాత పటాల్లో గీస్తారు. అలాంటి పటం ఫోన్లో ఒకటి చూపించండి, భయం పోతుంది.

పునీతుల సంబంధం అంటే బతికున్న మనం, చనిపోయి శుద్ధి పొందుతున్నవాళ్లు, పరలోకంలో ఉన్నవాళ్లు అంతా ఒకే కుటుంబమని. నవంబరు 2న సమాధుల దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఈ మాట చెబితే వేరే వివరణ అక్కర్లేదు.

నిలబడటం, తల వంచడం

మాటలతో పాటు ఒళ్లు కూడా నేర్చుకోవాలి. పూజలో సంగ్రహం చెప్పేటప్పుడు నిలబడతాం. పవిత్రాత్మ వలన గర్భమై కన్య మరియమ్మ నుండి పుట్టెను అన్న మాటల దగ్గర తల, నడుం వంచి నమస్కరిస్తాం. క్రిస్మసు రోజునా, మార్చి 25 మంగళవార్త పండుగనా అదే చోట మోకరిస్తాం. మన వైపు గుళ్లలో ఇది సగం మంది మర్చిపోతున్నారు. పిల్లలకు ఇంట్లోనే అలవాటు చేస్తే గుడిలో వాళ్లను చూసి పెద్దవాళ్లు వంగుతారు.

జపమాలలో అయితే సిలువను పట్టుకుని సంగ్రహం చెప్పాలి. తర్వాత పెద్ద పూస మీద పరలోక జపం, మూడు చిన్న పూసల మీద మూడు మంగళవార్త జపాలు. ఆ మూడూ విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ పెరగాలని చెప్పుకునేవి.

అప్పగించే రోజు

పాత శ్రీసభలో సంగ్రహాన్ని అప్పగించడం, తిరిగి అప్పజెప్పడం అని రెండు వేడుకలుండేవి. బిషప్పు చెప్పేవాడు, వాళ్లు కొన్నాళ్లు వల్లించుకుని అందరి ముందూ తిరిగి చెప్పేవారు. పెద్దవయసులో జ్ఞానస్నానం పొందేవారికి ఈ వేడుకలు నేటికీ ఉన్నాయి. తపస్సు కాలం మూడో వారంలో అప్పగిస్తారు, పవిత్ర శనివారం నాడు తిరిగి చెప్పిస్తారు.

దీన్ని మీరు ఇంట్లో చేసుకోండి. పిల్లకు జపం మొత్తం వచ్చాక ఒక ఆదివారం సాయంత్రం, జ్ఞాన తల్లిదండ్రులను, పక్కింటివాళ్లను పిలిచి వాళ్ల ముందు చెప్పించండి. సిగ్గుపడే పిల్లకు విక్టోరీనస్ కథ చెప్పండి. 4వ శతాబ్దంలో రోములో పేరుమోసిన పండితుడు, నగర కూడలిలో విగ్రహం పెట్టించుకున్నంత గొప్పవాడు. ముసలితనంలో క్రైస్తవుడయ్యాడు. విశ్వాసాన్ని అందరి ముందూ ఎత్తయిన చోట నిలబడి చెప్పాలి. సిగ్గుపడేవారికి ఏకాంతంగా చెప్పే వీలుంది, మీరూ అలా చెప్పండని గురువులు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఇన్నాళ్లూ జనం ముందు నిలబడి పాఠాలు చెప్పినవాణ్ణి దీన్ని చాటుగా చెప్పడమేమిటన్నాడు. ఆయన పైకెక్కుతుంటే గుంపులో "విక్టోరీనస్! విక్టోరీనస్!" అని ఒకటే గుసగుసలు, వెంటనే అందరూ వినడానికి నిశ్శబ్దం. అగస్టీను తన ఆత్మకథలో దీన్ని రాశాడు.

పిల్ల చెప్పేటప్పుడు తప్పుపడితే ఎవరూ అందించొద్దు. వేళ్లు చూసుకోమనండి. అయిపోయాక లడ్డూ పెట్టండి, ఫొటోలు తర్వాత.

ఇక అక్షరం, ఇక ఒడియా

నోటికి వచ్చాకే రాత. తెలుగు అక్షరాలు రానివాళ్లు ఒడియా లిపిలో రాసుకుంటే తప్పేమీ లేదు. ఆ కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. తడబడినప్పుడు చూపడానికే, చదివించడానికి కాదు. ఈ వంకన తెలుగు అక్షరాలు నేర్చుకుంటారేమోనన్న ఆశ చాలామందికి ఉంటుంది. అది వేరే పని, దాన్ని జపంతో ముడిపెడితే రెండూ పాడవుతాయి.

గుడిలో చెప్పే ఒడియా సంగ్రహం మాత్రం తెలుగుది గట్టిపడ్డాకే మొదలుపెట్టండి. అప్పుడు అది అంత కష్టం కాదు, ఎందుకంటే కణుపులు అవే. పూజలో నైసియా సంగ్రహం చెబితే కొన్ని మాటలు ఎక్కువొస్తాయి గానీ వరస దాదాపు ఇదే కాబట్టి పిల్ల ఎక్కడుందో తనకు తెలుస్తూనే ఉంటుంది.

విశ్వాస క్రియ

రోజూ పడుకునే ముందు పెద్ద జపం చెప్పే ఓపిక అందరికీ ఉండదు. అందుకే విశ్వాస క్రియ. దీనికి తోడుగా నిరీక్షణ క్రియ, ప్రేమ క్రియ ఉన్నాయి. పునీత పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో కలిపి చెప్పిన మూడు గుణాలవి. 1756లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు ఈ క్రియలు చెప్పుకునేవారికి ప్రత్యేక ఆధ్యాత్మిక ఫలాలు ప్రకటించాడు. మాటలు ఇలాగే ఉండాలన్న నిర్బంధం లేదు, భావం ఉంటే చాలు. నేను పిల్లలతో చెప్పించేది ఇది:

"నా దేవా, నీవు ఒక్కడవే దేవుడవని, పిత, పుత్ర, పవిత్రాత్మ అను ముగ్గురు వ్యక్తులుగా ఉన్నావని గట్టిగా నమ్ముచున్నాను. నీ కుమారుడు మనుష్యుడై మా పాపముల కొరకు మరణించెనని, జీవించువారికిని మరణించినవారికిని తీర్పు తీర్చుటకు వచ్చునని నమ్ముచున్నాను. నీ శ్రీసభ బోధించు సత్యములన్నిటిని నమ్ముచున్నాను. మోసగించుటయు మోసపోవుటయు ఎరుగని నీవే వాటిని తెలియజేసితివి కనుక నమ్ముచున్నాను. ఆమెన్."

ఆఖరి వాక్యమే దీనికి ప్రాణం. సంగ్రహం ఏం నమ్ముతామో చెబుతుంది, ఇది ఎందుకు నమ్ముతామో చెబుతుంది. 1870లో మొదటి వాటికన్ మహాసభ విశ్వాసానికి కారణం చెప్పినప్పుడు సరిగ్గా ఈ మాటే వాడింది: తెలియజేసిన దేవుడు మోసపోడు, మోసగించడు.

పదిహేనేళ్లు దాటిన పిల్లలు "ఇవన్నీ నాకు నమ్మబుద్ధి కావట్లేదు నాన్నా, ఊరికే పెదాలతో చెప్పమంటారా?" అని అడగొచ్చు. కోప్పడకండి, గుడి మానేస్తాడేమోనని హడావిడి పడకండి. మార్కు సువార్త 9వ అధ్యాయంలో మూర్ఛ కొడుకును తెచ్చుకున్న తండ్రి ఉన్నాడు. నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో నాకు తోడ్పడు అని ప్రభువుతోనే అన్నాడు, ఆ కొడుకు బాగుపడ్డాడు. ఆ వచనం చూపించి, కొన్నాళ్లు విశ్వాస క్రియ బదులు ఆ ఒక్క వాక్యమే చెప్పుకోమనండి. వాడి అనుమానాలు మీకు తెగకపోతే విచారణ గురువుతో మాట్లాడే ఏర్పాటు చేయండి, మీరు పక్కన కూర్చోకుండా.